కల్లు పాకలో శాకాహారం

మా అమ్మ మాంసం మానేసిన సంగతి నాకు కంచం ముందు కూర్చున్నాకే తెలిసింది. సొరకాయ కూరలో ముక్కల కోసం గరిటె పెట్టి అడుగుదాకా వెతుకుతుంటే, "వెతక్కు. మీ నాన్నగారు ఇంటికొచ్చేదాకా ఈ ఇంట్లో మాంసం ఉండదు. దేవుడికి మాటిచ్చాను" అంది.

నాన్న మిషను బడిలో టీచరు. పెద్దనాన్నకు ఒంట్లో బాగాలేదని గుడివాడ వెళ్లి, తిరిగి బయలుదేరుతున్నానని కబురు పంపారు. ఆ తర్వాతే యూనియన్ సైన్యం కూడా నిజాం రాజ్యం మీదికి బయలుదేరింది. రైళ్లు ఆగిపోయాయి. జరిగినదాన్ని పోలీసు చర్య అన్నారు. ట్యాంకులెక్కి వచ్చే పోలీసుల్ని మేమంతకుముందు చూడలేదు. నాన్న సరిహద్దుకు అటున్నారో ఇటున్నారో, అసలు ఉన్నారో లేరో చెప్పే మనిషి లేడు. ఆ ఆఖరి మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. నేను జోకులు వేశాను, అమ్మ సొరకాయ వండింది. రెండూ చప్పగానే ఉన్నాయి.

అమ్మను తప్పుపట్టలేం. గుడివాడ నుంచి వచ్చి బోయిగూడలో కాపురం పెట్టిన మనిషి. ఆమె గోంగూర మాంసం వండిన ఆదివారం మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, ప్రసంగం తొందరగా ముగించేవారు. ఆమె వంటలో కూరగాయ అంటే మాంసం వెంట వచ్చిన చుట్టం. సొరకాయలో ఎండురొయ్యలు, వంకాయలో ఎండుచేప. అవి తీసేస్తే మిగిలినదాన్ని ఏం చేయాలో ఆమెకూ తెలియదు.

అయ్యగారు వచ్చి, "అమ్మా, దేవుడు మన దగ్గర ఇలాంటివి కోరడు" అని నచ్చజెప్పారు.

"ఆయన కోరలేదండీ. నేనే ఇచ్చాను."

అయ్యగారు ఆ పూట భోజనానికి ఉండలేదు.

'ఈ ఇంట్లో' అన్నావు కదా, మరి బయటి సంగతేమిటని నేను అడిగాను. "నువ్వు ఈ ఇంట్లోవాడివేగా?" అంది. నేను స్టేషను రోడ్డులో ఒక కలప డిపోలో గుమాస్తాని. కర్ఫ్యూ సడలగానే, సికింద్రాబాదులో నోటికి రుచిగా ఉండే శాకాహారం ఎక్కడ దొరుకుతుందా అని వెతకడం నాకు రెండో ఉద్యోగమైంది.

మొదట మూలమీది ఇరానీ హోటలు. అక్కడ శాకాహారం అంటే టీ.

"సమోసాలో ఏముంది?" అన్నాను.

"ఖీమా."

"ఖీమా లేకుండా ఇస్తావా?"

"ఖీమా లేకుంటే అది సమోసా ఎట్లయితది మియా? లిఫాఫా అయితది." ఖాళీ కవరని ఆయన ఉద్దేశం.

ఆ వారం ఆయన కూడా తలుపు ఒక రెక్కే తెరిచేవాడు. ఎవరి భయం వాళ్లది, ఆయనది మా భయంకంటే పెద్దది. నేను శాకాహారం ఎందుకు వెతుకుతున్నానో చెబితే, బన్నుకు రెండింతలు వెన్న రాసి తలుపు సందులోంచి అందించాడు. "తిను బేటా. మీ నాయన వస్తడు, ఫికర్ జేయకు" అన్నాడు. నాన్న గురించి ఆ మాట నాతో మొదట అన్నది ఆయనే. బన్ను తిన్నాను.

తర్వాత స్టేషను ఎదుట బ్రాహ్మణ భోజన హోటలు. గల్లా దగ్గర కూర్చున్నాయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, "మనవాళ్లేనా?" అని అడిగాడు.

"మనం ఎవరివాళ్లమో నిజాంగారూ ఢిల్లీవాళ్లూ ఇప్పుడే తేల్చారు కదండీ."

ఆయన నవ్వలేదు. వసారాలో, చెప్పుల పక్కన ఆకు వేయించాడు. లేచిపోదామనుకుంటూ ఉండగానే సాంబారు వచ్చింది. అవమానం సంగతి రెండో వడ్డన తర్వాత చూసుకుందాం అనుకున్నాను. రెండో వడ్డన తర్వాత రసం వచ్చింది. చేయి కడుక్కున్నాకే కోపం గుర్తొచ్చింది. సాంబారుకు కృతజ్ఞుణ్ని. ఆ వసారాకు మళ్లీ వెళ్లలేదు.

దండులో, అంటే కంటోన్మెంటులో, తెల్ల సోల్జర్లు ఖాళీ చేసి వెళ్లిన ఒక బారుకు కూడా వెళ్లాను, తిండి కోసమే. గిరాకీ లేక గోడలు తుడుచుకుంటున్న బట్లరు నన్ను చూసి సంతోషపడి, దొరలు తినే వెజిటబులంటూ ఉప్పు లేకుండా ఉడికించిన బంగాళాదుంప, క్యారట్టు తెచ్చిపెట్టాడు. తెల్లవాళ్లు మనల్ని ఎలా ఏలారో నాకు తెలియదుగాని, ఎప్పుడూ అంత కోపంగా ఎందుకు ఉండేవారో ఆ ప్లేటు చూస్తే తెలిసిపోయింది.

ఇంటికి నడిచి వస్తుంటే తిరగమోత వాసన దారికడ్డం వచ్చింది. ఉల్లిపాయ, ఎండుమిర్చి, కరివేపాకు. వాసన పట్టుకుని పోతే తాటాకు పందిరి, బల్లలు, ముంతలు. కల్లు పాక! పొయ్యి దగ్గర ఒకామె పెద్ద మూకుడులో బొబ్బర్లు కలుపుతోంది. మేం గుగ్గిళ్లంటాం, ఇక్కడ గుడాలంటారు. ఆ పాక ఆమెదే. అక్కడ అందరికీ ఆమె అక్క.

"ఏం గావాలె తమ్మీ? తాటిదా, ఈతదా?"

"గుడాలక్కా."

"గుడాలు సరే. కల్లు ఏదని అడుగుతున్న."

"కల్లొద్దు."

"కల్లొద్దా? ఏం, పానం మంచిగ లేదా?"

మా అమ్మ సంగతి చెప్పాను. ఆమె గరిటె ఆపింది. "మీ అమ్మ మాంసమొద్దని గద ఒట్టు వెట్టుకున్నది. కల్లు చెట్టుకెల్లి వస్తది. గంతకంటె మంచి శాకాహారం ఏడుంటది?"

ఆ వాదానికి జవాబు చెప్పగలవాళ్లు మా చర్చి సంఘంలో లేరు. కాని నేను ఆదివారం బడి టీచరమ్మ కొడుకుని. మోదుగాకు దొప్పలో గుడాలు మాత్రం తీసుకున్నాను. పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు చల్లి నిమ్మకాయ పిండింది. బొబ్బరి గింజ పంటికింద మెత్తగా విడిపోతుంటే, ఇన్నాళ్లకు నా నోరు నా మాట విన్నది. నువ్వెవరివాడివని అక్కడ ఎవరూ అడగలేదు. ఇంకో దొప్ప కావాలా అని అడిగారు.

రోజూ వెళ్లేవాణ్ని. అక్క రోజూ ఒకటే అడిగేది, "నాయన జాడ దొరికెనా?" దొరకలేదంటే నాకు గుడాలు పెట్టి, పాకంతా వినబడేలా కేకేసేది: "ఓ అన్నలూ, రైలు దిక్కుకెల్లి ఎవలన్న వచ్చిన్రా? ఈ పిలగాని నాయన గిట్ల కనవడ్డడా?" తాగేవాళ్లు తల ఊపేవారు, కనబడ్డాడనీ కాదు, లేడనీ కాదు.

ఒక సాయంత్రం ఒకతను తల ఊపకుండా మాట్లాడాడు. పట్టాల పని చేసే గ్యాంగుమన్, కొంత ట్రాలీ మీద, కొంత కాలినడకన అప్పుడే చేరాడు. "డోర్నకల్ల ఒక పంతులున్నడు. కోటు తొడుగుతడు, గొడుగు వట్టుకుంటడు. మిషనోళ్ల బడిల పండుతుండు, పొద్దుగూకంగ టేషన్ల కూసుంటడు" అన్నాడు.

కోటూ గొడుగూ ఉన్న మిషను టీచర్లు, మేం గుడి అనే మా చర్చిలోనే ఒక వరుసంతా ఉంటారు. అయినా ఇంటికి పరుగెత్తాను.

"ఎవరు చెప్పారు?" అంది అమ్మ.

"రైలు పట్టాలు చూసే మనిషి."

"నీకెక్కడ కలిశాడు?"

"తినేచోట."

"ఏ హోటలు?"

"తాటాకు పందిరి... బల్లలుంటాయి."

అమ్మ నా నోరు వాసన చూసింది. ఉల్లిపాయ తప్ప ఏమీ తగల్లేదు. గుడికి కట్టుకునే చీర కట్టుకుని, బైబిలు సంచి భుజానికి తగిలించుకుని, "పద" అంది.

మేం లోపలికి అడుగుపెట్టగానే మనుషులు లేచి నిలబడ్డారు. ముంతలు వీపుల వెనక్కు పోయాయి. మా గుడిలో ప్రార్థన మొదలైనప్పుడు కూడా అంత నిశ్శబ్దం ఉండదు. అక్క కొంగుతో బల్ల తుడిచి, "కూసోండమ్మా" అంది.

అమ్మ గ్యాంగుమన్ను విచారించింది. "ఆయన పేరేమిటి?"

"ఎర్కలేదమ్మా. పంతులనే అంటం."

"పొడుగా, పొట్టా?"

"ఎప్పుడు జూసినా కూసోనే ఉంటడు."

"ఏం మాట్లాడతారు?"

"తిండి ముచ్చటే. ఆడ పప్పుచారు దప్ప ఏం దొరుకుతలేదు. గది తినుకుంట, మా ఇంటామె పుంటికూర మాంసం గిట్ల జేస్తదని చెప్తడు. మా గ్యాంగంత నోట్ల నీళ్లూరంగ ఇంటది." పుంటికూర అంటే మా గోంగూరే.

అమ్మ సర్దుకుని కూర్చుంది. "ఎలా చేస్తుందన్నారు?"

"మాంసం ఎల్లిపాయ, కారం వెట్టి ఉడకవెడ్తదంట. పుంటికూర నూనెల మగ్గిచ్చి గలుపుతదంట."

"అందరూ అలాగే చేస్తారు."

"జెర ఆగమ్మా. ఆఖర్ల దించేటప్పుడు మెంతులు ఏంచి, పొడిగొట్టి, చిటికెడు ఏస్తదంట. కథంత అండ్లనే ఉన్నదన్నడు. ఎవలకు జెప్పొద్దన్నడు."

అమ్మ ముఖం ఎర్రబడింది. "మా ఆడబిడ్డకు కూడా చెప్పలేదు! ఆయనకు చెబితే రైల్వే స్టేషన్లో కూర్చుని ఊరందరికీ చెబుతారా?"

నాన్న బతికే ఉన్నారని మా ఇంటికి తెలిసిన తీరు అది. తర్వాత అమ్మ కళ్లు తుడుచుకుంది. పొగ అంది. పొయ్యి అవతలి మూల ఉంది, గాలి కూడా అటే వీస్తోంది. అక్క ఒక దొప్ప తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టింది. అమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. ముంతలు వీపుల వెనక దాచుకున్నవాళ్లంతా తలలు వంచారు. ఆమేన్ అన్నాక నాలుగు గింజలు నోట్లో వేసుకుని, "ఉప్పు సరిగ్గా ఉంది" అంది. మా ఇంట్లో అంతకంటే పెద్ద మెప్పు లేదు. లేచేముందు, ఉల్లిపాయ ముందా, మిర్చి ముందా అని అక్కను చెవిలో అడిగింది. మెంతుల సంగతి తానే అక్కకు ఇంకోసారి వివరంగా చెప్పింది. ఆ రహస్యం ఎలాగూ రైలు పట్టాల వెంట పాకింది, ఇక సరిగ్గా అయినా పాకనీ అనుకున్నట్టుంది.

రైళ్లు మొదలయ్యాక నాన్న వచ్చారు, కోటు వదులై, గొడుగు ఊచలు విరిగి. ఆయన గడప దాటేదాకా మాట మాటే కాబట్టి ఇంట్లో మాంసం లేదు. పప్పుచారు తింటూ ఇన్నాళ్లు గోంగూర మాంసాన్ని కలవరించిన మనిషి గిన్నె మూత తీసి, అందులోని గుడాలను కాసేపు చూశారు.

"బజారు మూసేశారా?" అని మర్యాదగా అడిగారు.

"తినండి" అంది అమ్మ.

తిన్నారు. మళ్లీ పెట్టించుకున్నారు. "బాగుందే! ఇందులో ఏం వేశావు?"

"చెప్పను. మళ్లీ ఏ స్టేషన్లో కూర్చుంటారో."

మర్నాడు గోంగూర మాంసం వండింది. మాకు వడ్డించకముందే పెద్ద గిన్నెకు తీసి, మూతపెట్టి, గుడ్డ కట్టి నా చేతికిచ్చింది.

"ఎవరికి?" అన్నారు నాన్న.

"మీ కబురు చెప్పినవాళ్లకు."

"మన సంఘంవాళ్లేనా?"

అమ్మ నా వైపు చూసింది. "కాదు నాన్నా, వేరే సంఘం" అన్నాను. "మనకంటే పెద్దది. రోజూ సాయంత్రం కూడుతుంది."