తోకచుక్క కోసం కొండెక్కిన దయామణి

దయామణి ఇక లేదన్న టెలిగ్రాం మా నర్సుల హాస్టల్‌కు చేరిన వేళ నేను డ్యూటీకి బయలుదేరుతున్నాను. కాకినాడ ఆసుపత్రిలో ఆమె కన్నుమూసిందని అందులో రెండే ముక్కలు. వ్యాధి ముదిరిందని నాకు తెలుసు. ఇక్కడ దుబాయ్‌లో ఆమెను ఇంటికి విమానం ఎక్కించింది నేనే. అయినా మనసు నమ్మడానికి నిరాకరించింది. ఆ రోజంతా వార్డులో కట్లు కట్టాను, మందులు ఇచ్చాను, ఎవరితో ఏం మాట్లాడానో గుర్తులేదు. తర్వాత ఆమె గురించి విన్న మాటలకు దుఃఖం వెనకే కోపం కూడా వచ్చింది. ఆ రెండింటితోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అమలాపురం దగ్గరి పల్లెలో పుట్టి, డెబ్బయ్యో దశకం చివర్లో ఇక్కడికి వచ్చిన దయామణి మా ఆసుపత్రిలో పురుషుల శస్త్రచికిత్స వార్డు సిస్టర్. పొట్టి మనిషి, దళసరి కళ్ళద్దాలు, నెమ్మదైన కంఠం. అవివాహితగా మిగలడం ఆమె స్వేచ్ఛా నిర్ణయం. దాని గురించి జాలిపడే అవకాశం ఎవరికీ ఇచ్చేది కాదు. నిశాకాశాన్ని ఛాయాచిత్రాల్లో పట్టాలన్న తపన ఆమెకు ఎలా అంకురించిందో నాకు తెలియదు. దుబాయ్‌లో డేరా అనే బజారు పేటలో ఒక కెమెరా, మూడు కాళ్ళ స్టాండు కొనుక్కుంది. ఎవరు నేర్పారక్కా అని అడిగితే, "తగలేసిన ఫిల్ములే నాకు పంతుళ్ళు" అంది.

ఊళ్ళో దీపాల కాంతికి చుక్కలు వెలవెలబోతాయి. ఇక్కడ వారాంతం శుక్రవారం, అందుకని సెలవు దొరికితే గురువారం మధ్యాహ్నమే హత్తా కొండలకు పోయేవాళ్ళం. అక్కడ వాననీరు యుగాలుగా కోసిన లోతైన లోయలున్నాయి. ఇక్కడివాళ్ళు వాదీ అంటారు, ఏడాదిలో చాలా కాలం ఎండిపోయే ఉంటాయి. అల్ ఖూజ్‌లో ఒక వర్క్‌షాపు పికప్ నడిపే జగిత్యాల రాజన్న మమ్మల్ని వాదీ మొదట్లో దింపేవాడు. మొదటిసారి వీపులకు సంచులు తగిలించుకుంటుంటే ఆయన ఉండబట్టలేక అడిగాడు.

"అక్కా, గీ గుట్టలల్ల ఏమున్నదని పోతున్రు? నీళ్ళు లెవ్వు, మనుషులు లేరు."

"మనుషులు లేరనే రాజన్నా" అంది దయామణి.

ఆయన పికప్ ఎక్కుతూ, "సరే, రేపు పొద్దుగాల ఈడ్నే ఉంట. మీరు రాకుంటె నేనే ఎతుక్కుంట వస్త" అన్నాడు. అన్న మాట ఎన్నడూ తప్పలేదు.

ఆమె తొలి చిత్రాలకు పట్టిన గతి తలచుకుంటే ఈ దుఃఖంలోనూ నవ్వొస్తుంది. డేరాలో ఫిల్ములు కడిగే స్టూడియో భాయ్ మొదటి రీలు చూసి, "సిస్టర్, కుఛ్ నహీ ఆయా, ఖలాస్" అని ప్రింట్లు వెయ్యకుండానే ఇచ్చేశాడు. ఏమీ పడలేదట. అంతా చీకటే మరి. నల్లగానే వెయ్యమని ఆమె పట్టుబట్టింది. వారం తర్వాత వెళితే నిజంగానే నల్లటి ప్రింట్లు ఇచ్చాడు. తెల్లచుక్కలన్నీ దుమ్మనుకొని, పాపం, సన్నటి కుంచెతో ఒక్కొక్కదాన్నీ నల్లరంగుతో పూడ్చేశాడు. దయామణి కోప్పడలేదు. అతని ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ధ్రువనక్షత్రం చుట్టూ మిగతావి ఎలా తిరుగుతాయో కాగితం మీద గీసి చూపించింది. కొన్నాళ్ళకు ఆమె తీసిన చిత్రం ఒకటి ఆ స్టూడియో అద్దాల్లో, పెళ్ళి ఫొటోల నడుమ కనిపించింది.

మా మేట్రన్ ఆమెను పిలిపించిన రోజు నేను పక్కనే ఉన్నాను. "పెళ్ళికాని ఆడవాళ్ళు కొండల్లో రాత్రి గడపడం హాస్టల్‌కు మర్యాద కాదు" అన్నారు మేట్రన్.

"మేడమ్, నెలలో సగం రాత్రులు నన్ను మగవాళ్ళ వార్డులో ఒంటరిగా ఉంచుతున్నారు. అక్కడ పోని మర్యాద ఆకాశం కింద ఎలా పోతుంది?"

"అది డ్యూటీ."

"సెలవు నాది మేడమ్. హాస్టల్ ఖాళీ చెయ్యమంటే చేస్తాను. కొండలు మాత్రం మానను."

ఖాళీ చెయ్యమని ఎవరూ అనలేదు. కానీ ఆ తర్వాత చాలాకాలం గురు, శుక్రవారాల డ్యూటీలన్నీ ఆమెకే పడ్డాయి. ఒక్కనాడూ సణగకుండా చేసింది. చివరికి ఒక గురువారం ఖాళీ దొరికింది. ఆ మధ్యాహ్నమే సంచి సర్దింది.

కిందటేడు ఆమె రొమ్ములో గడ్డ బయటపడింది. శస్త్రచికిత్స జరిగింది. ఎడమ చెయ్యి వాచి, పైకి లేవడం కష్టమైంది. డెబ్బై ఆరేళ్ళకోసారి వచ్చే తోకచుక్క ఈ ఏడు రానే వచ్చింది. కొండలకు వెళ్ళొద్దని డాక్టర్లు చెప్పారు, నేనూ చెప్పాను. "ఇది మళ్ళీ వచ్చేనాటికి ఎలాగూ ఉండను గదా. ఇప్పుడు ఉన్నాను" అంది. నేనూ సంచి సర్దుకున్నాను.

ఏప్రిల్‌లో, వెన్నెల లేని రాత్రి చూసుకొని వెళ్ళాం. తీరా చూస్తే తోకచుక్క దక్షిణాన బాగా దిగువన ఉంటుంది. వాదీ గోడలు దాన్ని కప్పేస్తాయి. గట్టు మీదికి ఎక్కక తప్పదు. సంచి ఇమ్మంటే ఇవ్వలేదు. పట్టీ ఎడమ భుజానికి తగలకుండా కుడివైపే వేలాడేసుకొని, రాతి రాతికీ ఆగుతూ ఎక్కింది. ఒకచోట కూలబడి వాంతి చేసుకుంది. దిగిపోదామన్నాను. నోరు కడుక్కొని, "పైకి దగ్గరే" అంది. దగ్గర కాదని ఇద్దరికీ తెలుసు.

తెల్లవారకముందే గట్టు చేరాం. ఎదుటి శిఖరం మీద పలచటి తెల్లటి మరక. అంతే.

"ఇంతేనా అక్కా?"

"ఇంతేనే. ఎంత దూరం నించి వచ్చిందో చూడు."

కుడి చేత్తోనే కెమెరా బిగించి, వరసగా చిత్రాలు తీసింది. తోకచుక్క అరిష్టమంటారు కదా అని నేను నసిగాను. కెమెరా మీంచి కన్ను తియ్యకుండానే అంది: "నా గడ్డ దీనికంటే ముందొచ్చిందే. ఊరికే దాని మీద నేరం మోపకు." తర్వాత నా భుజానికి ఆనుకొని కూర్చుంది. ఆమె ముఖంలో అంత తృప్తి నేను అంతకుముందు చూడలేదు.

మొన్న ఆమె కోసం జరిగిన ప్రార్థన కూడికలో ఒక పెద్దాయన లేచి, ఆడది చీకట్లో కొండలెక్కి తోకచుక్కను వెంటాడింది, అది ఆమెను తీసుకుపోయింది అన్నారు. చాలామంది తలలూపారు. నేను లేచి ఆమె చెప్పిన మాటే చెప్పాను. ఆమెను తీసుకుపోయింది కాన్సరని, దానితో ఆమె ఎలా పోరాడిందో మేం కళ్ళారా చూశామని చెప్పాను. ఆమె ప్రవర్తనకు సంజాయిషీ ఎవరికీ బాకీ లేదని కూడా చెప్పాను. వెనక వరసలోంచి రాజన్న గొంతు వినిపించింది. "అక్క మంచిగనే పోయింది, మంచిగనే వచ్చింది. నేను సూసిన."

ఈ గురువారం మా హాస్టల్ నర్సులం అయిదుగురం హత్తా వెళ్తున్నాం. మేట్రన్ ఒక్కొక్కరినీ విడిగా పిలిచి ఎందుకని అడిగారు. అందరం ఒకే జవాబు చెప్పాం: ఆకాశం చూడటానికి. చివరికి ఆవిడ, "దుప్పట్లు తీసుకెళ్ళండి, అక్కడ చలి" అన్నారు.

దయామణి కెమెరా నా దగ్గరే ఉంది. ఆమెకున్న ఓర్పు నాకు లేదు, ఆ చూపు లేదు. అలాంటి మనిషి ఈ ఎడారిలో మాకు మళ్ళీ తారసపడదు. ఆ లోటు ఎవరితోనూ పూడదు. మహనీయులకు తలవంచి నివాళి అర్పించడం ఆచారం. నేను ఆ గట్టు మీద నిలబడి, తల పైకెత్తి అర్పిస్తాను.