హెస్టరమ్మ చోటు, నా టీ

హెస్టరమ్మకు దేవుడి మీద నమ్మకం లేదు. అయినా లండన్ పార్లమెంటు దిగువ సభలో సభ్యురాలిగా, రోజూ సభ మొదలయ్యే ముందు జరిగే ప్రార్థన ఆవిడ ఒక్కటీ ఎగ్గొట్టలేదు. అంతా కూర్చునే చోటు కోసం! దేశానికి చట్టాలు చేసే సభ కదా, సభ్యులందరికీ సరిపడా బెంచీలు వేయించొద్దూ? వేయించలేదు. ముందే వచ్చి బెంచీ మీద పేరు చీటీ పెట్టి, ప్రార్థనలో నిలబడినవాళ్ళకే ఆ పూట చోటు. మిగతావాళ్ళు పెద్ద పెద్ద చదువులు చదివి తలుపు దగ్గర నిలబడాలి.

ఒకసారి రూపర్ట్ అనే కుర్ర సభ్యుడు ఆవిడ చీటీ పక్కకు నెట్టి దర్జాగా కూర్చున్నాడు. ఆ సభలో టీ పోసేదాన్ని నేను; బండితో తలుపు దగ్గరున్నాను, అంతా విన్నాను.

"దేవుణ్ణి నమ్మనివాళ్ళకి ప్రార్థన చోటెందుకండీ?" అన్నాడు.

"నమ్మకం సంగతి నేనూ దేవుడూ తేల్చుకుంటాం. చీటీ సంగతి నువ్వూ నేనూ తేల్చుకోవాలి. లే!"

"నేనూ ప్రార్థన చేశాను!"

"చేశావులే, గోడకేసి తిరిగి గురకపెడుతూ. సభాపతి గారిని పిలిచి ఆ గురకక్కూడా ఒక చోటు అడగమంటావా?"

చుట్టూ ఉన్నవాళ్ళ నవ్వులకి తట్టుకోలేక లేచి వెళ్ళిపోయాడు.

ఇంత యుద్ధం గెలిచిన మనిషి ఏం చెయ్యాలి? కూర్చోవాలి. ఆవిడ కూర్చోదే! రోజూ కాసేపటికే లేచి, తలుపు దగ్గర నిలబడ్డ ముసలి సభ్యుడు సిలాస్ మీద కేకలేస్తుంది.

"ఏవయ్యా, ఊరికే నిలబడే బదులు నా చోటుకి కాస్త కాపలా కాయరాదూ? టీ తాగొస్తాను."

"నీ టీ పిచ్చి తగలెయ్యా! నేనేమన్నా నీ కావలివాణ్ణా?" అని సణుక్కుంటూ కూర్చుంటాడు ఆయన.

ఈవిడ వచ్చి నా టీ గదిలో సాయంత్రందాకా బైఠాయిస్తుంది. కప్పు పోయించుకుంటుంది, ముట్టుకోదు. మీగడ కట్టి చల్లారిపోతుంది. మంత్రులు లొట్టలేసుకుంటూ తాగే టీ నాది! రోజూ ఈ అవమానమేమిటి? ఒకరోజు నిలదీశాను.

"నా టీలో ఏం పురుగులు పడ్డాయమ్మా?"

హెస్టరమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"కోప్పడకు మేబెల్. నాకసలు టీ పడదు. వాసనకే కడుపులో తిప్పుతుంది."

"మరెందుకీ పారబోత?"

"సిలాస్ మోకాళ్ళు చూశావా? పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళొచ్చేసరికి ప్రార్థన అయిపోతుంది. ఇదివరకోసారి నిలబడలేక తలుపు దగ్గరే కూలబడ్డాడు. జాలిపడి ఎవరైనా చోటిస్తే ఆ క్షణమే రాజీనామా ఇస్తానంటాడు, మొండిఘటం! వాళ్ళ ఊరి జాలర్ల కోసం తెచ్చిన బిల్లేమో ఇంకా నెగ్గలేదు, ఆయన వెళ్ళిపోతే అదీ పోతుంది. కాపలా అంటే మాత్రం కూర్చుంటాడు."

ఆవిడ కప్పు నా వైపు జరిపింది.

"ఇది పారబోసి వేడిగా ఇంకోటి పోసి పెట్టు. ఆయనెప్పుడైనా అడిగితే, టీ లేకపోతే హెస్టర్ ప్రాణం నిలవదని చెప్పు. నన్ను నాలుగు తిట్టి మరీ చెప్పు, నమ్ముతాడు. అది నీకు బాగా వచ్చుగా!"