అక్క గిన్నెలు కడిగిన నీళ్లు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక కంకిపాడులో ఉన్న ఆడపడుచును చూసివద్దామని బెజవాడలో బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, బందరు కాలువ కనబడినంత మేరా చూస్తూ వెళుతున్నాను. మన వయసు వాళ్లకు బస్సులో కిటికీ దొరికితే చాలు, సగం నొప్పులు మరిచిపోతాం కదా. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. గట్టు మీద మా అక్క ఇల్లుండిన చోట, సరిగ్గా వంటిల్లు ఉండే మూలన, కొత్తగా నీలం రంగు బోర్డొకటి పాతారు. కాలువ నీటిని కలుషితం చేయువారు చట్టరీత్యా శిక్షార్హులని తెల్లటి అక్షరాలతో రాసి ఉంది. చదివేసరికి ఒళ్లు మండిపోయింది. ఎందుకు మండిందో చెప్పాలంటే మా నాన్న దగ్గర మొదలుపెట్టాలి.

మా నాన్న ఆ కాలువ మీద లస్కరు. ఇప్పటి పిల్లలకు ఆ మాటే తెలియదు గానీ, పొలాలకూ చెరువులకూ నీరు వదిలే తూముల తలుపులు ఎత్తడం, దించడం, గట్టుకు గండి పడకుండా కాపు కాయడం ఆయన ఉద్యోగం. ఖాకీ చొక్కా, డొక్కు సైకిలు, తూము తిప్పే ఇనప పిడి, ఇవే ఆయన అధికారమంతా. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ల చెరువు నింపేవారు. ఆ రోజు గేదెలను కాలువలోకి దించకూడదని, బట్టలు ఉతకకూడదని ముందే దండోరా వేయించి, నాన్న పొద్దున్నుంచీ గట్టు మీద సైకిలు తొక్కుతూనే ఉండేవాడు. ఆ నీళ్లు బిందెలో పట్టి, చిల్లగింజ అరగదీసి కలిపి, తేరుకున్నాక తాగితే ఉండే రుచి ఇప్పుడు నేను కొనుక్కునే ఏ డబ్బా నీళ్లలోనూ లేదు. నాలుకకు వయసొచ్చిందంటారు మా ఆయన. కావచ్చు, కానీ నీళ్లకూ ఏదో వచ్చింది.

అలాంటి ఒక రోజున మా అక్క, పదేళ్లుంటాయేమో దానికి, అలవాటు కొద్దీ ఆవకాయ జాడీ తీసుకెళ్లి కాలువలో ముంచి కడిగింది. నాన్న కొట్టలేదు. జాడీ ఇంటికి మోయించి, బేసినులో నీళ్లు పోయించి, అక్కడే కడిగించి, ఆ నీళ్లు దాని చేతనే అరటి మొక్కకు పోయించాడు. దిగువన ఆ నీళ్లు తాగేవాళ్ల బిడ్డలు కూడా నీలాంటి వాళ్లేనని మాత్రం అన్నాడు. అక్క ఏడ్చిన ఏడుపు నాకిప్పటికీ గుర్తే.

సొంత కూతురి మీద చూపిన కట్టుదిట్టం పెద్దవాళ్ల మీద చూపించాడా అని మీరు అడగవచ్చు. చూపించాడు. ఊరికి ఎగువన ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. ఒక ఏడాది, చెరువుకు నీరు పెట్టిన రోజునే, ధాన్యం నానబెట్టిన పులిసిన నీళ్లను మిల్లువాళ్లు చిన్న బోదె తవ్వి కాలువలోకి వదిలేశారు. ఆ కంపు తగలగానే నాన్న చెరువు తూము దించేసి, ఇనప పిడి ఊడదీసి ఒళ్లో పెట్టుకుని తూము మీదే కూర్చున్నాడు. ఊరి పెద్దలు వచ్చి చెరువు నిండకపోతే జనం ఏం తాగాలని కేకలేశారు. మిల్లు యజమాని జీపు దిగి, ఉద్యోగం ఊడగొట్టిస్తానన్నాడు. నాన్న లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "తమరు ఆ బోదె మూయించండి, నేను తూము ఎత్తుతానండీ," అన్నాడు, అంతే. దీపాలు పెట్టే వేళకు మిల్లు కూలీలే మట్టి తట్టలు మోసి ఆ బోదె పూడ్చారు. ఆయనకు ఏ చట్టం పేరూ తెలియదు. ఆయనకెవరూ దండలు వేయలేదు సరికదా, లస్కరుకు అంత పొగరేమిటని చాలామంది అన్నారు.

నాన్న రిటైరయ్యాక పైవాళ్లు నోటిమాటగా సరేనంటే గట్టు మీదే రెండు గదులు వేసుకున్నాడు. తరవాత భర్త పోయిన అక్క ఆ ఇంట్లోనే ఇడ్లీలు వేసి అమ్ముకుని బతికింది. ఇడ్లీల అంగడి అంటే గిన్నెలకు కొదవా? వాకిట్లోంచి చెయ్యి చాపితే కాలువ. అయినా గిన్నెలు కడిగిన ప్రతి బకెట్టూ మోసుకెళ్లి రోడ్డు వైపున్న అరటిచెట్లకూ చేమదుంపలకూ పోసేది. మోకాళ్లు అరిగినా ఆ పద్ధతి మానలేదు.

ఆ మధ్య అవతలి గట్టున ఫంక్షన్ హాలు లేచింది. పెళ్లి జరిగిన ప్రతిసారీ లావుపాటి గొట్టంలోంచి ఎంగిలి నీళ్లు, నూనె, వాటి వెంట థర్మాకోల్ ప్లేట్లు కాలువలోకి. కాలువల కాలుష్యం మీద కోర్టు గట్టిగా ఆదేశించిందని పేపర్లో చదివి అక్కకు చెబితే, ఇంకేం, నాన్న లాంటి వాళ్లు ఇంకా ఉన్నారనుకుని సంబరపడింది. సోమవారం అర్జీలు తీసుకునే చోటికి తనే వెళ్లి, గొట్టం మూయించమని అర్జీ ఇచ్చింది. ఆఫీసర్లు వచ్చారు. వాళ్లకు మజ్జిగ ఇచ్చి, దగ్గరుండి గొట్టం చూపించింది. వాళ్లు గొట్టానికి ఫోటో తీశారు, మజ్జిగ తాగారు, వెళుతూ వెళుతూ అక్క ఇంటికీ ఫోటో తీశారు.

నోటీసు అక్కకు వచ్చింది. కాలువ పోరంబోకు ఆక్రమించి, వాడుక నీరు కాలువలోకి వదులుతున్నందున ఖాళీ చేయాలట. నేను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. ఆ కుర్ర ఆఫీసరు చాలా మర్యాదస్తుడు, కుర్చీలు వేయించాడు.

"హాలు వాళ్లకూ నోటీసు ఇచ్చామమ్మా, వాళ్లు స్టే తెచ్చుకున్నారండీ. కాలువ క్లీన్ చేశామని మేం పైకి రిపోర్ట్ పంపాలి కదండీ," అన్నాడు.

"నీళ్లెక్కడికి పోతన్నాయో నా అరటిచెట్లని చూడు బాబూ," అంది అక్క.

అతను తల ఊపాడు. మరుసటి వారం జేసీబీ వచ్చి ముందుగా అరటిచెట్లనే తోసేసింది. ఊరికి దూరంగా ఎక్కడో ఇళ్ల స్థలం ఇస్తామన్నారు, ఇంకా అంటూనే ఉన్నారు.

ఇప్పుడు అక్క బెజవాడలో మా ఫ్లాట్లోనే ఉంటోంది. వచ్చిన కొత్తలో సింకు ముందు నిలబడి, "ఈ నీళ్లెక్కడికి పోతాయే?" అని అడిగింది. వీధి డ్రైనులోకి అన్నాను. "అక్కణ్ణించి?" అంది. ఆ డ్రైను పోయి బందరు కాలువలో కలిసే వైపు కిటికీలోంచి చెయ్యి చూపించాను. మర్నాటి నుంచి గిన్నెలు కడిగిన నీళ్లు బకెట్లో పట్టి, లిఫ్టులో కిందికి దించి, గేటు పక్కన కానుగ మొక్కకు పోయడం మొదలుపెట్టింది. అసోసియేషన్ వాళ్లు వచ్చి పార్కింగ్ తడిసిపోతోందని, శుభ్రంగా సింకులోనే పోయమని చెప్పిపోయారు.

పదేళ్ల పిల్ల జాడీ ముంచినందుకు నిలదీసిన కాలం ఒకటి ఉండేది, గొట్టానికి స్టే దొరికే కాలం ఇది. చట్టాలు అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ. జాడీ కడిగిన ఆ రోజు తరవాత ఇంతకాలానికి మా అక్క మళ్లీ ఆ కాలువలోకి ఎంగిలి నీళ్లు వదులుతోంది, పూటపూటా వదులుతోంది. ఇప్పుడు దానికి నోటీసు ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు.