చేపల పులుసు మీద గడ్డపెరుగు

పెరుగు తగలని తిండి తిండే కాదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. చదువు అయిపోయి, పటాన్‌చెరు దగ్గర గేర్లు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో ట్రైనీగా కుదిరిన కొత్త. ఆ వయసులో మనిషికి దేనిమీదో ఒకదానిమీద పిచ్చి ఉంటుంది. నా తోటివాళ్ళలో ఒకడికి బైకులు, ఒకడికి క్రికెట్, ఇంకొకడికి పక్క కంపెనీ గేటు దగ్గర బస్సు దిగే ఒక అమ్మాయి. నాకు పెరుగు. (చెప్పుకోవడానికి ఇదేమంత గొప్పగా ఉండదని తెలుసు. ఉన్న పిచ్చి చెప్పాలి గానీ లేనిది ఎక్కణ్ణుంచి తెస్తాను?) పొద్దున షిఫ్టుకు సంగారెడ్డిలో మా ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు, డబ్బాలో కూర ఏమిటని అమ్మను ఎప్పుడూ అడిగేవాణ్ణి కాదు. పెరుగు డబ్బా మూత గట్టిగా పెట్టిందా లేదా అన్నదే నా బెంగ. ఒకసారి సరిగ్గా పడలేదు. ఆ రోజు బస్సులో పైన పెట్టిన నా సంచీకి సరిగ్గా కింద కూర్చున్న పెద్దమనిషి నాతో అన్న మాటలు ఇక్కడ రాయలేను.

క్యాంటీన్‌లో మా బల్ల మీద రోజూ ఏదో ఒక ప్రయోగం నడిచేది. జొన్నరొట్టెను పెరుగులో ముంచి, ఎల్లిపాయ కారం అద్దుకుంటే ఎంత బాగుంటుందో ఇంట్లోనే తెలుసుకుని వచ్చాను. బీహార్ నుంచి వచ్చిన మా వెల్డర్ భయ్యా ఒకరోజు అటుకుల్లో పెరుగు పోసి, బెల్లం చిదిమి, "ఖాకే దేఖో" అని గిన్నె నా ముందుకు తోశాడు. తిని చూశాను. ఆ పూట నా డబ్బా ఆయన తిన్నాడు, ఆయన డబ్బా నేను తిన్నాను. సమోసాను చిదిపి పెరుగు పోసుకుంటే బాగుంటుంది. మిర్చి బజ్జీ మీద పోసుకుంటే ఇంకా బాగుంటుంది, నోట్లో మంట లేచీ లేవకముందే ఆరిపోతుంది. మామిడిపండూ అరటిపండూ పెరుగన్నంలో సొంత చుట్టాల్లా కలిసిపోతాయి. అనాసపండు మాత్రం కలవదు. ముక్కలు కోసి పెరుగులో వేసి కాసేపు ఆగితే చేదెక్కి కూర్చుంటుంది. పచ్చిపులుసు అన్నంలో పెరుగు పోస్తే రెండు పులుపులూ కొట్టుకుని మధ్యలో నా పళ్ళు పులిసిపోయాయి. ఇక నూడుల్స్ మీద పోసిన రోజున బల్ల దగ్గరున్న వాళ్ళందరూ ప్లేట్లు తీసుకుని లేచి వెళ్ళిపోయారు. ఒంటరిగా మిగిలిన నేను, వాళ్ళు చేసింది సబబేనని రెండో చెంచాకు ఒప్పుకున్నాను. ఆ రోజుతో కంపెనీలో నా అసలు పేరు పోయి 'దహీ భాయ్' అన్నది మిగిలింది.

ఈ ప్రయోగాలకు అడ్డుకట్ట వేయగల మనిషి లోకంలో ఒక్కరే, మా మేనత్త. బాపుకు అక్క. మా ఇంటి వెనుక సందులోనే ఆమె ఇల్లు. కుక్కర్ కూత వినిపిస్తే చాలు, ఏం వండుతున్నామో చూడటానికి వచ్చేది. పెరుగు గురించి ఆమె దగ్గర పెద్ద శాసనమే ఉండేది. గుడ్డుతో పెరుగు తింటే కడుపు ఉబ్బుతుంది, రాత్రి తింటే సర్ది చేస్తుంది, మాంసంతో తింటే ఒళ్ళు బరువెక్కుతుంది. వీటికి అప్పుడప్పుడు మినహాయింపులు ఇచ్చేది. (బిర్యానీలో రైతా ఆమెకు మహా ఇష్టం. అది పెరుగు లెక్కలోకి రాదట.) మినహాయింపు లేనిది మాత్రం ఒకటుంది.

"చేపలు తిన్ననాడు పెరుగు దిక్కు సూడొద్దు. బొల్లి వస్తది."

"ఎవరికి వచ్చిందత్తా?"

"వచ్చినోళ్ళ పేర్లు చెప్పాల్నా నీకు? వద్దంటే వద్దు."

అంతే. అందుకే మా ఇంట్లో చేపల పులుసు వండిన ఆదివారాలు నాకు సగం పండగ, సగం ఉపవాసం.

అలాంటి అత్తే నాకు సంబంధం తెచ్చింది. భానూర్ అమ్మాయి. వాళ్ళది పాతకాలం నుంచి వ్యవసాయం చేసే కుటుంబం. వాళ్ళ నాన్న పొలం చూసుకుంటూనే ఫ్యాక్టరీ పనికీ వెళ్తాడు. అమ్మాయి డిగ్రీ చదివి సంగారెడ్డిలో ఒక కళ్ళ ఆసుపత్రిలో రిసెప్షన్‌లో కూర్చుంటుంది. పెళ్ళిచూపుల్లో మమ్మల్నిద్దరినీ కాసేపు వరండాలో మాట్లాడుకోమన్నారు. నేను పటాన్‌చెరు నుంచి సంగారెడ్డికి ఏ బస్సు ఎప్పుడు వస్తుందో వివరంగా చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. (ఆ దారిలోనే తను రోజూ వెళ్ళొస్తుందని ఆ తర్వాత తెలిసింది.) అయినా ఆమెకు నేను నచ్చాననే కబురు వచ్చింది. నాకు ఆమె నచ్చిందని అప్పటికే ఊరందరికీ చెప్పేశాను. ఇక మాట ఖాయం చేసుకుందాం, ఆదివారం భోజనానికి రండి అని వాళ్ళు పిలిచారు.

అత్త, బాపు, నేను వెళ్దామనుకుంటే, ముగ్గురం వెళ్తే మంచిది కాదని అత్త అమ్మను కూడా బయలుదేరదీసింది. ఆటోలో పటాన్‌చెరు దాటాక నాకు పాఠం మొదలైంది.

"వాళ్ళింట్ల బర్రెలున్నయి. పెరుగు మంచిగుంటదట. సూడంగనే మీద పడకు. ఇజ్జత్ తియ్యకు."

"సరే అత్తా."

"చేపలు పెడితే పెరుగు అసలే ముట్టకు. నా మీద ఒట్టెయ్యి."

ఆటో గతుకుల్లో ఎగిరిపడుతుండగా, నా చెయ్యి ఆమె తల మీద పెట్టించుకుని మరీ ఒట్టు వేయించింది. అమ్మ నా వైపు జాలిగా చూసింది. బాపు బయట వెనక్కి పోతున్న ఫ్యాక్టరీ గోడలను చూస్తూ, తనకీ విషయంతో ఏ సంబంధమూ లేనట్టు కూర్చున్నాడు.

వాళ్ళింట్లోకి అడుగుపెట్టగానే చేపల పులుసు వాసన ఎదురొచ్చింది. కొర్రమీను. హాల్లో ఎదురెదురుగా రెండు వరసల్లో కూర్చోబెట్టి వడ్డించారు. పులుసు ఎంత బాగుందంటే, బాపు తల ఎత్తకుండా తింటున్నాడు. అమ్మాయి నాన్న, "ఇంకో ముక్క ఏస్కో బావా" అని వెంటపడి వడ్డిస్తున్నాడు. కాసేపటికి పొలం నుంచి వాళ్ళ తాత వచ్చాడు. మొదటిసారి మేము వచ్చినప్పుడు ఆయన ఏదో చుట్టాలింటికి వెళ్ళాడట, ఇదే చూడటం. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కాళ్ళూ చేతులూ కడుక్కుని, చొక్కా చేతులు పైకి మడిచి, అందరినీ పలకరించి ప్లేటు ఒళ్ళో పెట్టుకుని గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. అత్త వీపు ఆయన వైపు ఉంది. చేపముక్కలో ముల్లు ఏరుకునే పనిలో ఉండి, తల తిప్పకుండానే దండం పెట్టింది. నాకు మాత్రం ఆయన ఎదురుగా కనిపిస్తున్నాడు. మోచేతుల నుంచి వేళ్ళ దాకా తెల్లటి మచ్చలు.

సరిగ్గా అప్పుడే లోపలి నుంచి అమ్మాయి నానమ్మ పెరుగు కుండతో వచ్చింది. కుండ వంచినా జారని గడ్డపెరుగు, పైన మందపాటి మీగడ. గరిటెతో తీసి నేరుగా నా ప్లేటు మీదికి తెచ్చింది.

"పట్టు బిడ్డా. పెరుగంటే నీకు పానమట గద."

(నా కీర్తి భానూర్ దాకా ఎలా పాకిందో నాకు ఇప్పటికీ తెలియదు.) నేను ఒట్టు గుర్తొచ్చి రెండు చేతులూ ప్లేటుకు అడ్డం పెట్టాను.

"గదేంది? మా పెరుగు వద్దంటవా?" అన్నది ఆమె. నొచ్చుకున్నట్టుంది.

అత్త నా తరఫున రంగంలోకి దిగింది. "పెరుగు వద్దని కాదు పెద్దమ్మా. చేపలు తిన్నడు గద. చేపల మీద పెరుగు తింటే బొల్లి వస్తదాయె! తెలిసి తెలిసి ఎవలన్న తింటరా?"

అమ్మాయి నాన్న చేతిలో గరిటె గాల్లో ఆగిపోయింది. అమ్మ అత్త కొంగు పట్టి లాగింది. ఎందుకు లాగుతున్నదో అర్థంగాక, "ఏందే?" అని విసుక్కుంటూ అత్త వెనక్కి తిరిగింది. తాతను చూసింది. ఆయన చేతులను చూసింది. నోటిదాకా తెచ్చుకున్న ముద్దను తిరిగి ప్లేటులో పెట్టేసింది. సంబంధం పోయిందనే అనుకున్నాను. తలుపు పక్కన నిలబడ్డ అమ్మాయి వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. బాపు ఒక్కడే ఇంకా తింటున్నాడు.

తాత అందరినీ ఓసారి చూసి, తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అందరు గట్ల బెల్లం కొట్టిన రాయిలెక్క కూసున్నరేంది? నా చేతుల సంగతే గద? ఎన్నేండ్ల సందో ఉన్నయి, నన్నేమీ అంటలెవ్వు. గానీ బిడ్డా, ఒక్క మాట. నేను బుద్ధెరిగినకాంచి చేప ముట్టలే. గా వాసనే నాకు పడదు. అందుకే గీ తలుపు కాడ కూసున్న. సూడు, నా ప్లేట్ల పప్పే ఉన్నది." ప్లేటు ఎత్తి చూపించాడు. నిజంగానే పప్పే. "మరి నీ లెక్కల నాకు పప్పు తింటే వచ్చినట్టా? ఇయ్యాల్టి సంది పప్పు బంద్ జెయ్యాల్నా?"

ముందు నవ్వింది నానమ్మే. "గీ ఇంట్ల చేపల మీద పెరుగు పోసుకునేది నేను. నాకేం రాలే. ముట్టని మనిషికి వచ్చింది. డాక్టరు కూడ తిండికీ దీనికీ సంబంధం లేదన్నడు." దాంతో అందరూ నవ్వారు. అత్త మాత్రం నవ్వలేదు. లేచి, ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని తాత దగ్గరికి వెళ్ళింది.

"తప్పు మాట అన్న. మనసుల పెట్టుకోకు పెద్దయ్యా."

"నువ్వు నీ అల్లుని మంచికే అన్నవు. పో, కూసొని తిను. చేప సల్లారితే ఇంకా వాసనొస్తది" అన్నాడాయన.

గొడవ అక్కడితో చల్లారవలసింది. కానీ నానమ్మ గరిటె ఇంకా నా ప్లేటు మీదే ఉంది. ఆమె నా వైపు, నేను అత్త వైపు చూశాం. అత్త నేల చూపులు చూస్తూ, "ఎయ్యనియ్యిరా" అన్నది. ఒట్టు తీరిపోయింది. ఇన్నేళ్ళ ఉపవాసం ముగిసింది. ఎర్రటి పులుసు అన్నం మీద తెల్లటి గడ్డపెరుగు పడింది. కలిపాను. పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాను.

ఏం చెప్పమంటారు? పచ్చిపులుసు నయం. నూడుల్స్ నయం. చింతపండు పులుపుకు పెరుగు విరిగి, మీగడకు చేప వాసన అంటుకుని, మెంతుల చేదు ఒకవైపు, పెరుగు చల్లదనం ఇంకొకవైపు, నా నోట్లో ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నాయి. ఉమ్మేయడానికి లేదు. నానమ్మ నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"ఎట్లుంది?"

"మస్తుంది" అన్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆనందమనుకుని ఆమె ఇంకో గరిటె వేసింది.

రెండో ముద్ద, మూడో ముద్ద కూడా నవ్వుతూనే మింగాను. ప్లేటులో సరుకు తగ్గుతున్నట్టే లేదు. అప్పుడు తలుపు పక్క నుంచి అమ్మాయి వచ్చింది. చేతిలో కడిగిన ప్లేటు. అందులో వేడి అన్నం, పక్కన వేయించిన చల్లమిరపకాయలు. నా ముందున్న ప్లేటు తీసేసి అది పెట్టింది.

"ఇగ చాలు గానీ, ఇది తినుండ్రి. చేపల పులుసు మీద పెరుగు మా నానమ్మ ఒక్కతే తింటది. రోగం గీగం ఏం రాదు. రుచి మాత్రం రాదు."

"నేనేం జెప్పిన మరి!" అన్నది అత్త, అప్పటిదాకా పోయిన ప్రాణం ఒక్కసారిగా తిరిగొచ్చినట్టు. "చేపల మీద పెరుగు వద్దని చెప్పలే? నా మాట ఇంటడా వీడు!"

తాత గట్టిగా నవ్వాడు. కొత్త ప్లేటులో నానమ్మ వేసిన పెరుగుతో అన్నం కలుపుకుని, చల్లమిరపకాయ కొరికాను. అంత మంచి పెరుగు నేను అప్పటికి తినలేదు. అత్త కూడా ప్లేటు మార్పించుకుని రెండుసార్లు వేయించుకుంది. ఆ సాయంత్రమే మాట ఖాయమైంది.

ఇక్కడితో ఆపితే నేను తెలివైనవాణ్ణని మీరు అనుకునే ప్రమాదం ఉంది. పెళ్ళికి ముందు ఎండాకాలంలో నేను బైకు కొనుక్కుని దాని మీదే డ్యూటీకి వెళ్ళసాగాను. ఒక పొద్దున అద్దంలో చూసుకుంటే రెండు చెంపల మీద చెవి నుంచి గడ్డం దాకా తెల్లగా పట్టీలు. తాత మాటలు, డాక్టరు మాటలు, అన్నీ గాలికి పోయాయి. మూడు ముద్దలు మింగిన సంగతి ఒక్కటే గుర్తుంది. సరాసరి కంపెనీ ఫస్ట్ ఎయిడ్ రూముకు వెళ్ళి సిస్టర్‌కు చెంపలు చూపించి, చేపల సంగతి మొత్తం చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"రోజు బండి మీద వస్తవా?"

"ఔ సిస్టర్."

"హెల్మెట్ పట్టీ పెట్టుకుంటవా?"

"పెట్టుకుంట."

"మరింకేంది? పట్టీ కింద ఎండ తగల్లే. మిగతాదంత నల్లగైంది. పోయి పని జేస్కో."

ఆ సాయంత్రం ఫోనులో కాబోయే భార్యకు ఈ సంగతి చెప్పాను. చాలాసేపు అవతల నుంచి మాట రాలేదు. సిగ్నల్ పోయిందనుకున్నాను. నవ్వట.

ఇప్పుడు అదే పారిశ్రామికవాడలో ఇంకో కంపెనీలో షిఫ్ట్ ఇన్‌చార్జిని. మధ్యాహ్నం రెండు చపాతీలు, కాస్త మజ్జిగ, అంతే. అంతకు మించితే సాయంత్రం దాకా కళ్ళు మూతలు పడతాయి. మొన్న క్యాంటీన్‌లో కొత్తగా చేరిన ట్రైనీ ఒకడు నా ఎదుట కూర్చుని, కోడిగుడ్డు కూర మీద కప్పు పెరుగు మొత్తం బోర్లించాడు. "కడుపు ఉబ్బుతదిరా" అనబోయాను. ఆ గొంతు అచ్చం మా అత్తదే. నోరు మూసుకున్నాను. వాడు కలుపుకుని, ఒక ముద్ద తిని, కాసేపు ఆలోచించి, ఇంకో ముద్ద తిన్నాడు. ముఖం చూస్తే బాగుందో లేదో తెలియడం లేదు. ఏది ఎదురొచ్చినా కలిపి చూద్దామనుకునే ఆ ఆకలి నాలోంచి ఎప్పుడు లేచి వెళ్ళిపోయిందో నేను గమనించనే లేదు. నా వంతు పెరుగు కప్పు కూడా వాడి వైపు జరిపాను.

"మీకొద్దా సార్?"

"తిను, తిను" అన్నాను. "తిని ఎట్లుందో చెప్పు."