జోరు గాదు, అదను

మా ఇంగ్లీషు సారు పోయారని మొన్న బోధన్ నుంచి వచ్చిన బస్సు కండక్టరు చెప్పాడు. అతనూ సారు దగ్గర చదివినవాడే. చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. నాకైతే ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. నిన్న బడిలో సంతాప సభకు వెళ్లొచ్చాక అది ఇంకా పెరిగింది. మాట్లాడిన వాళ్లందరూ సారు ఓపికను పొగిడారు. ఆ ఓపిక ఎందుకు అవసరమైందో ఒక్కరూ చెప్పలేదు. నేను చెబుతాను.

సారుకు పాన్ లేనిదే పొద్దు గడిచేది కాదు. కానీ ఇంగ్లీషు క్లాసుకు మాత్రం నోరు పుక్కిలించి, షేర్వాణీ గుండీలన్నీ పెట్టుకుని వచ్చేవారు. మాకు తలా ఒక పతంగి కాగితం ముక్క ఇచ్చి పెదవుల ముందు పట్టుకోమనేవారు. ‘పెన్’ అంటే కాగితం ఎగరాలి, ‘బెల్’ అంటే కదలకూడదు. మేమంతా చెరకు రైతుల పిల్లలం. బండి ఎద్దుల్ని అదిలించినట్టు అరిచేవాళ్లం.

“ఒర్రకుండ్రి బిడ్డా! జోరు గాదు, అదను. తూము లేపంగనే మడిల నీళ్లు పడ్తయా? జర్ర ఆగి వస్తయి. పెన్ అన్నప్పుడు గూడ గంతే. పెదవులు ఇడుస్తయి, ముందుగాల గాలి, ఎనుక గొంతు. బెల్ అంటే గొంతు ఎంబడే వస్తది. మన తెలుగు ‘ప’కు గంత ఎడం ఉండదు” అనేవారు.

ఒకరోజు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. క్లాసంతా కాగితాలు ఊదుతుంటే మండిపడ్డాడు.

“ఇది బడా, పతంగుల దుకాణమా? స్పెల్లింగులు బట్టీ పట్టించడం చేతకాదా?”

“సాబ్, మీరు గూడ ఒక్కసారి పట్టి సూడుండ్రి” అని సారు ఎంతో మర్యాదగా ఒక కాగితం అందించారు.

అదే నేరమైంది. పై అధికారిని ఎగతాళి చేశాడట! వారం తిరక్కుండా సారు దగ్గర్నుంచి ఇంగ్లీషు లాగేసుకుని, ఒకటో తరగతిలో చేతిరాత దిద్దించే పని అప్పగించారు. రిటైరయ్యేదాకా తిరిగి ఇవ్వలేదు. అప్పుడు నోరు మెదపని హెడ్‌మాస్టరే నిన్న సభలో పెద్ద కుర్చీలో కూర్చుని “ఎంత ఓర్పు!” అన్నాడు. సిగ్గుండాలి.

“కొట్లాడొచ్చు గద సార్?” అని నేనొకసారి ఉండబట్టలేక అడిగాను.

“ఎవలతోని బిడ్డా? ఇనేటోడుంటె గదా” అన్నారు.

ఆ తర్వాత వచ్చిన కొత్త సారు మాతో పాఠం వల్లె వేయించేవాడు. ఒకటో తరగతికి పోతూ మా సారు వరండాలో కిటికీ దగ్గర ఆగిపోయేవారు. మేము తప్పు పలికినప్పుడల్లా ఆయన పెదవులు విడివడేవి. గాలి వచ్చేది. గొంతు వచ్చేది కాదు.