ఎర్రయ్య మావయ్య పీచు కుండీలు

మా మేనమామ ఎర్రయ్య గత మంగళవారం ఉదయం డిగ్నాబాద్‌లోని స్వగృహంలో పరమపదించారు. ఆయన దగ్గర తొమ్మిదేళ్ళు పని నేర్చుకున్నదాన్ని. ఆయన గురించి రాసే అర్హత నాకుందో లేదో చదివినవారే చెప్పాలి.

శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవులకు వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబం మాది. మావయ్య వలలో చేపలతోపాటు నర్సరీల నల్ల ప్లాస్టిక్ సంచులు కూడా పడేవి. "మొక్కల గోచీలన్నీ నా వల్లోకే వస్తన్నాయేటి!" అని విసుక్కునేవారు. ఆ విసుగులోంచే ఆయన తపస్సు మొదలైంది. కొబ్బరి పీచు, వక్కతొక్క, వరిపొట్టు కలిపి, కర్రపెండలం గంజితో ముద్ద చేసి, సొట్టపడిన సత్తు గ్లాసు మీద అద్ది ఎండబెట్టేవారు. నారుతో సహా నేలలో పాతితే ఆ కుండీ నాలుగు వానలకు మట్టిలో కలిసిపోయేది.

పీచును వాననీటిలోనే నానబెట్టాలన్నది ఆయన అలంఘ్య నియమం. ఒక వేసవిలో మా ట్యాంకు అడుగంటింది. మావయ్య ఊళ్ళో లేరు. తాళ్ళు పేనే పీచును మా ఇళ్ళల్లో తరతరాలుగా సముద్రంలోనే నానబెడతారు. నేనూ అలాగే చేశాను. ఆ కుండీలు రేవు అవతలున్న బాంబూఫ్లాట్ రైతులకు వెళ్ళాయి. పదిరోజుల్లో వాళ్ళ మిరపనారంతా ఉప్పుకు మాడిపోయింది.

వాళ్ళు ఫెర్రీ దిగి నేరుగా మా షెడ్డుకు వచ్చారు. "భయ్యా, నీ కుండీలు మా నారుని తినీసినాయి. అబ్ క్యా కరేఁ, ఇప్పుడేటి సెయ్యాల?" అన్నారు. మావయ్య ఒక కుండీ ముక్క నాలుక మీద పెట్టుకున్నారు. నా వైపు చూశారు. "తప్పు నాదే భయ్యా. పీచు సంద్రంలో నానబెట్టింది నానే" అన్నారు.

వాళ్ళు వెళ్ళాక నేను ఏడుస్తూ కూర్చున్నాను. "ఓలమ్మీ, నాను పెద్దోడిని, నా పేరు పోతే పోనీ. నీ పేరు పోతే నీకు పనెవుడిస్తాడు?" అన్నారు. మరెన్నడూ ఆ ప్రస్తావన తేలేదు. రైతులు మళ్ళీ ప్లాస్టిక్ సంచులే పట్టారు. మావయ్య మాత్రం కుండీలు చేస్తూనే ఉన్నారు. తీసుకెళ్ళేవాళ్ళు లేక అవి వానాకాలం చెమ్మకు షెడ్డులోనే బూజుపట్టాయి.

రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నేను ఏళ్ళు గడిపేశాను. అది పిరికితనం, దానికి ఇంకో పేరు లేదు. అంత్యక్రియలకు వచ్చిన రైతుపెద్ద ఒకాయన, "మంచోడే గాని, పనిలో జాగర్త లేదు" అన్నాడు. చితి పక్కనే నిలబడి కూడా నేను నోరు మెదపలేదు.

అంతటి నిష్ఠాపరుణ్ణి, అంతటి దయార్ద్రహృదయుణ్ణి ఈ దీవులు మళ్ళీ ఎప్పుడు చూస్తాయో తెలియదు. ఆయన పాదాలకు నేను సమర్పించగలిగిన అంజలి ఒక్కటే. బాంబూఫ్లాట్ రైతు సోదరులారా, మీ నారును చంపింది నేను. ఆయన పనిలో ఏ లోపమూ లేదు. ఆయన బతికుండగా రేవు దాటి వచ్చి ఈ రెండు మాటలు మీతో చెప్పలేకపోయాను.