తెప్ప పక్కనున్న చేప

మంగళవారం పొద్దున కోరుట్లలో ఇంటి ముందు నీళ్లు చల్లుతుండగా చిన్నమ్మ ఫోన్ వచ్చింది. "మీ చిన్నబాపు పోయిండు బిడ్డా" అంది. ఆయన ఊరు బుగ్గారం పక్కనే. బస్సెక్కితే ఎంతో సేపు పట్టదు. అయినా రెండు నెలలుగా పోలేదు. వారానికోసారి ఫోన్ చేసి, బాగున్నానంటే నమ్మేసి పెట్టేశాను. మీలో ఆయన్ను ఎరిగినవాళ్లు ఉండరు, అందుకే రాస్తున్నాను.

చిన్నబాపు, అంటే మా చిన్నాన్న, ఊరి చెరువులో చేపలు పట్టేవాడు. గల్ఫ్‌లో కొన్నేళ్లు చేపల పడవ మీద పనిచేసి వస్తూ, అందరూ బంగారమూ టేప్‌రికార్డరూ తెస్తే, ఆయన నీళ్ల కింద చేపల్ని చూపించే మిషన్ తెచ్చాడు. టిఫిన్ డబ్బా అంత పెట్టె, బ్యాటరీ, నీళ్లలోకి వదిలే వైరు. నక్సలైట్ అన్నలూ పోలీసులూ ఊళ్లో వంతులేసుకుని తిరిగే రోజులవి. వైరూ బ్యాటరీ ఒకచోట కనిపిస్తే బాంబే అనుకునేవారు. ఒకసారి తనిఖీకి వచ్చిన పోలీసాయన "ఏందిరా గిది?" అని గద్దిస్తే, చిన్నబాపు ఆయన్ను తెప్ప ఎక్కించి చెరువు నీళ్లు పొర్లే మత్తడి దాకా తిప్పి చూపించాడు. ఆయన దిగేటప్పుడు బొచ్చె చేప పట్టుకుని మరీ దిగాడు.

నాకు అర్థమయ్యేలా చెప్పడానికి దీపాల్లో గ్యాస్‌నూనె పోసే గరాటు బోర్లించి నా అరచేతిలో పెట్టాడు. మిషన్ నీళ్లలోకి పంపే చప్పుడు గరాటులాగే కిందికి పోయినకొద్దీ వెడల్పవుతుందట, అది తగిలిన చేపే కనిపిస్తుందట.

"సన్నది పెడితె అడుగు సాఫ్‌గ కనవడ్తది, గని జర్రంత జాగనే. ఎడల్పుది పెడితె చాన జాగ సూస్తది, గని అంత కలగాపులగం. ఏది పెట్టినా తెప్ప పక్కపొంటి ఉన్న చేప దానికి దొరకది బిడ్డా. పైన గరాటు ముక్కంతనే ఉంటది."

చిన్నబాపు కొడుకు డిగ్రీ చదివేవాడు, సెలవుల్లో తెప్ప మీద ఆయన ఎడమపక్క కూర్చుని వైరు పట్టుకునేవాడు. ఒక సాయంత్రం అలాగే కూర్చుని, వైరు చుట్టి పెట్టి, ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. తెల్లారేసరికి లేడు. అన్నలతో పోయాడని వారం తర్వాత తెలిసింది. మళ్లీ ఏ కబురూ రాలేదు, చావు కబురు కూడా.

"మూడు నిలువుల లోతుల చేపను సూసిన. పక్కపొంటి కూసున్నోన్ని సూడకపోతి" అన్నాడు చిన్నబాపు. మిషన్ మళ్లీ ముట్టలేదు. వలతోనే బతికాడు. ఆ తర్వాత ఎవరు పక్కన కూర్చున్నా ముఖంలోకి చూసి "మనసుల ఏమన్న ఉన్నదా?" అని అడిగేవాడు. అప్పట్లో నాకు విసుగొచ్చేది. ఇప్పుడు ఆ ఒక్క మాట కోసం ప్రాణం కొట్టుకుంటోంది. ఆయన్ను మాత్రం నేనెప్పుడూ ఆ మాట అడగలేదు.

దినాలయ్యాక చెరువు దగ్గరికి పోయాను. గట్టు మీద తెప్ప వానకు నానిపోయి ఉంది. ఎడమపక్క ఒక గోనెసంచి, నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవరు కప్పి, వల దారంతో కట్టి ఉంది.

"రోజు ఎండల ఆరేసి ఏస్తుండె" అంది చిన్నమ్మ. "పోరడు తడి మీద కూసోడని."

కవరు కింద చెయ్యి పెట్టి చూశాను. సంచి పొడిగా ఉంది.